గేటు దాకానే చెల్లే కార్డు

"లోపల మాది కాదమ్మా, ప్రైవేటు స్థలం." దివ్యాంగుల పార్కింగ్ గురించి అడిగినప్పుడల్లా ఈ మాట ట్రాఫిక్ కానిస్టేబుల్ నోట విన్నాను, కార్పొరేషన్ ఆఫీసులో విన్నాను, మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ నోటా విన్నాను (అతను "మాది కాదు" అనడు, "మాదే, అయితే ఏంటి" అన్నట్టు చూస్తాడు). విజయవాడలో జనం బళ్ళు ఎక్కువసేపు ఆపుకునేదెక్కడో ఒకసారి ఆలోచించండి. మాల్ సెల్లార్‌లో, ఆసుపత్రి కింద, కల్యాణ మండపం ఆవరణలో, అపార్ట్‌మెంటు స్టిల్ట్‌లో. దివ్యాంగులకి పార్కింగ్ నిజంగా అవసరమయ్యే చోట్లన్నీ దాదాపుగా ప్రైవేటు స్థలాలే. అక్కడ చెల్లని హక్కు రోడ్డు మీద చెల్లితే నాకేం ఒరుగుతుంది? బీసెంట్ రోడ్డులో నాకోసం ప్రత్యేకంగా పార్కింగ్ గీస్తామని ఎవరైనా అంటే నవ్వొస్తుంది, అక్కడ సాయంత్రం పూట కాలు పెట్టడానికే చోటుండదు.

నా వాదన ఒక్కటే. దివ్యాంగుల పార్కింగ్ హక్కు మనిషి వెంట రావాలి, ఆ స్థలం ఎవరి పేరున ఉందన్నదానితో దానికి సంబంధం ఉండకూడదు. దస్తావేజు యజమానిదే, నేను కాదనను. కానీ ఆ గేటు పదిమంది కోసం తెరిచి, వ్యాపారం చేసుకుంటున్నప్పుడు, నన్ను లోపలికి రానివ్వడం అతని మంచితనం కిందకి రాదు.

నాకు పసితనంలో పోలియో వచ్చింది. ఎడమ కాలికి క్యాలిపర్, చేతిలో కర్ర, సైడ్ వీల్స్ బిగించిన స్కూటీ. పటమట నుంచి గవర్నర్‌పేటలో ఆడిటర్ ఆఫీసుకి రోజూ దాని మీదే వెళ్తాను. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని డాక్టర్లు పరీక్షించి ఇచ్చేది) ఉంది, యూడీఐడీ కార్డూ (దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉంది. బస్సు పాసుకి పనికొస్తుంది, రైల్లో రాయితీకి పనికొస్తుంది, పెన్షన్ తీసుకునేవాళ్ళకి పెన్షన్‌కి పనికొస్తుంది. పార్కింగ్ దగ్గర చూపిస్తే మాత్రం ఆ కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "దీంతో డిస్కౌంట్ ఏం లేదు మేడమ్" అంటాడు. నేను డిస్కౌంట్ అడగలేదు బాబూ, లిఫ్టు పక్కన చోటు అడిగాను.

సైడ్ వీల్స్ బండి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దివ్యాంగుల పార్కింగ్ అనగానే అందరికీ కారే గుర్తొస్తుంది. మాల్‌లో దివ్యాంగుల కోసమని నీలం గళ్ళు గీసేదీ కార్ల వైపే. కానీ మన ఊళ్ళలో కాళ్ళు సరిగా లేనివాళ్ళలో కారు కొనగలిగినవాళ్ళెందరు? నాలాంటివాళ్ళకి ఉన్న దారి ఈ స్కూటరే. దాని వెనక వెడల్పు మామూలు స్కూటర్‌కి రెట్టింపు ఉంటుంది. టూవీలర్ల వరసలో పెట్టమంటారు, అక్కడ రెండు బైకుల మధ్య నా బండి దూరదు. ఎలాగో పెట్టాననుకోండి, తిరిగొచ్చేసరికి సైడ్ వీల్‌కి ఆనించి ఎవరో బుల్లెట్ పెట్టేసి వెళ్ళిపోయి ఉంటారు. మిగతావాళ్ళు తమ బండిని వెనక నుంచి ఎత్తి పక్కకి జరుపుకుంటారు, పార్కింగ్ కుర్రాళ్ళు కూడా అలాగే ఈడ్చి వరసలు సర్దుతారు. నా బండి పక్కకి జరగదు, ముందుకో వెనక్కో వెళ్ళాలంతే. కార్ల వైపు వెళ్తే "టూవీలర్ ఇక్కడికి రాకూడదు" అంటారు. ఖాళీగా ఉన్న నీలం గడి చూపిస్తే "అది కార్లకండీ" అంటారు. వికలాంగుల కోసం గీసిన చోటు వికలాంగురాలి బండికి పనికిరాదని తేల్చేసిన ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళ మీదే కోపం.

కారున్నవాళ్ళ కష్టం ఇంకో రకం. మా ఆఫీసుకొచ్చే క్లయింటు ఒకాయనకి చేతులతోనే బ్రేకూ యాక్సిలరేటరూ నడిపేలా మార్పించిన కారుంది. పెళ్ళిళ్ళకి వెళ్తే వ్యాలే పార్కింగ్ కుర్రాడు తాళం అడుగుతాడు, ఇస్తే ఆ కారు నడపడం అతనికి చేతకాదు. ఇవ్వకపోతే "సార్, ఇక్కడ ఆపకూడదు" అని దూరంగా గ్రౌండు చివర చూపిస్తాడు. అంత దూరం నుంచి కంకర మీద చక్రాల కుర్చీ తోసుకుంటూ రావాలి. ఇప్పుడాయన పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసి చదివింపులు ఫోన్‌పేలో పంపిస్తున్నాడు.

మా పిన్ని కొడుకు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాడు. వాడి భార్యకి నరాల జబ్బు, కొన్నాళ్ళుగా నడక బాగా తగ్గిపోయింది. అక్కడ బ్లూ బ్యాడ్జ్ అని ఒకటి ఇస్తారు, కారు అద్దం దగ్గర పెట్టుకోవాలి. నేను ఇక్కడి గోల చెప్పినప్పుడల్లా "మా దగ్గర అన్నీ పద్ధతిగా ఉంటాయి అక్కా" అనేవాడు. ఆమధ్య వాడికి ఒక సూపర్ మార్కెట్ పార్కింగ్ నుంచి ఛార్జీ కట్టమని నోటీసొచ్చింది. బ్యాడ్జి కనిపించేలా పెట్టాడు, కారు దివ్యాంగుల గళ్ళలోనే పెట్టాడు, కానీ ఆ స్థలం చూసే కంపెనీ పెట్టిన టైము దాటింది. వాడు తెల్లబోయి ఆరా తీస్తే తెలిసిందేంటంటే, ఆ బ్యాడ్జికి చట్టబలం ఉన్నది పబ్లిక్ రోడ్ల మీద. ప్రైవేటు కారు పార్కుల్లో యజమాని పెట్టిన షరతులే నడుస్తాయి. చివరికి ఉత్తరాలు రాసి, బ్యాడ్జి కాపీ పంపి రద్దు చేయించుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

నాకు ఆసక్తి పుట్టి చదివాను. అక్కడ ఈ బ్యాడ్జికి మూలం 1970లో చేసిన చట్టం, 1971లో నారింజ రంగు బ్యాడ్జిగా మొదలై 2000 నుంచి నీలం రంగుకి మారింది. ఇంగ్లండులో పసుపు గీతలున్న రోడ్డు పక్కన కూడా, సరుకు దింపడం నిషేధించని చోట, మూడు గంటల దాకా కారు ఆపుకోనిస్తారు. బ్యాడ్జి మనిషికి ఇస్తారు, బండికి కాదు. అంటే ఆ మనిషి ఎవరి కారులో వెళ్తే ఆ కారుకి వర్తిస్తుంది, ఆ మనిషి లేకుండా భర్తో కొడుకో వాడుకుంటే తప్పు. 2019 ఆగస్టు నుంచి బయటికి కనిపించని వైకల్యాలకీ ఇస్తున్నారు. ఇంత చేసినవాళ్ళు ప్రైవేటు స్థలం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. అక్కడ కారు పెట్టడమంటే బోర్డు మీది షరతులకి ఒప్పుకున్నట్టేనని లెక్క. షరతు తప్పితే వేసిన 85 పౌండ్ల ఛార్జీ చెల్లుతుందని వాళ్ళ సుప్రీంకోర్టు 2015లో చెప్పింది కూడా, అది దివ్యాంగుల కేసు కాకపోయినా ఆ నీడ అందరి మీదా పడింది. అయితే 2010 నాటి సమానత్వ చట్టం ఒకటుంది. సేవలందించేవాళ్ళు ప్రైవేటువాళ్ళయినా సరే దివ్యాంగుల కోసం తగిన మార్పులు చేయాల్సిందేనంటుంది. నడవడానికే ఎక్కువసేపు పట్టే మనిషికి ఇంకాస్త టైము ఇవ్వడం అలాంటి మార్పే కదా అని మావాడు రాసిన ఉత్తరంలో అసలు పాయింటు. బ్యాడ్జి చూసి వదల్లేదు, ఆ చట్టం పేరు చూసి వదిలారు.

మన దగ్గర పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్ళకి బ్యాడ్జి ఉంది, ప్రైవేటు గేటు దగ్గర ఆగిపోతుంది. మనకి చట్టం ప్రైవేటు గేటు దాటి లోపలికి వెళ్తుంది, బ్యాడ్జే లేదు.

నమ్మకపోతే దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 తీసి చూడండి. 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో పబ్లిక్ బిల్డింగ్ అంటే ఏమిటో సెక్షన్ 2లో రాశారు. ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా, సాధారణ జనం వాడే భవనం అని. వ్యాపారం, చదువు, వైద్యం, మతం, వినోదం అన్నీ పేర్లు పెట్టి మరీ చెప్పారు. అంటే సినిమా హాలు, నర్సింగ్ హోమ్, కోచింగ్ సెంటరు, చీరల షోరూము, అన్నీ. సెక్షన్ 44 ప్రకారం ఈ ప్రమాణాలు పాటించని ప్లానుకి అసలు అనుమతే ఇవ్వకూడదు, కట్టాక పూర్తయినట్టు సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. పాత భవనాల సంగతేంటంటారా, సెక్షన్ 45 వాటికి రూల్స్ వచ్చిన నాటి నుంచి ఐదేళ్ళు గడువిచ్చింది. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే యాభై వేలకి తగ్గకుండా ఐదు లక్షల దాకా. పార్కింగ్ గడి 3.6 మీటర్ల వెడల్పుండాలి, గుమ్మానికి 30 మీటర్ల లోపల ఉండాలి అన్న కొలతలు కేంద్రం మార్గదర్శకాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ వెడల్పు ఊరికే పెట్టింది కాదు, కారు తలుపు పూర్తిగా తెరిచి, పక్కన చక్రాల కుర్చీ వేసుకుని, మనిషి సీట్లోంచి దాన్లోకి మారాలి. మామూలు గడికి నీలం రంగు పూసేస్తే ఆ పని జరగదు.

మరి ఇన్ని ఉన్నా ఎందుకు జరగలేదంటే, ఆ రూల్స్‌లో ప్రమాణాలని తప్పనిసరిగా కాకుండా సలహాల్లా రాశారు. ఇదే సంగతి 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసులో తేల్చి చెప్పి, ఆ ప్రమాణాల గురించి చెప్పే రూల్ 15(1)ని కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలేవో విడిగా రాయమంది, మూడు నెలలు టైమిచ్చింది. ఇంత పెద్ద తీర్పు గురించి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు, మేం రోజూ జీవోలు తిరగేసేవాళ్ళమే.

చట్టంలో నిజంగా ఉన్న బొక్క ఇంకోటి. గడి ఉండాలని చెప్పింది గానీ, ఆ గడిలో హక్కు లేనివాడు కారు పెడితే వాడినేం చేయాలో ఎక్కడా చెప్పలేదు. పట్టుకునేదెవరు? గార్డుకి అధికారం లేదు, పోలీసు లోపలికి రాడు. ఆ గడి ఎవరు వాడుకోవచ్చన్నదానికి దేశమంతా చెల్లే పార్కింగ్ పర్మిట్టూ లేదు. 2020లో బండి రిజిస్ట్రేషన్ ఫారంలో యజమాని దివ్యాంగుడని రాసుకునే వీలు కల్పించారు, మంచిదే. కానీ అది బండికి అంటుకుంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడు నాన్న కారులో వస్తాడు, కాలు తీసేసిన తాతయ్య ఓలాలో వస్తాడు, వాళ్ళ పేరున ఏ బండీ ఉండదు. మనిషి వెంట వచ్చే కార్డు కావాలన్నది అందుకే.

ఇక ఆసుపత్రులు. సూర్యారావుపేట వెళ్ళనివాళ్ళు కృష్ణా జిల్లా చుట్టుపక్కల ఎవరూ ఉండరనుకుంటాను, గుంటూరువాళ్ళకి కొత్తపేట ఎలాగో మాకది అలాగ. ఆ వీధుల్లో వరసగా నర్సింగ్ హోములు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, వాటి ముందు రోడ్డుకి రెండు పక్కలా కార్లు, మధ్యలో అంబులెన్సు హారన్ కొడుతూ ఉంటుంది. వీటిలో చాలా భవనాలకి కింద సెల్లార్ ఉంటుంది. ప్లానులో అది పార్కింగ్. దిగి చూస్తే మందుల షాపో, రక్త పరీక్షల కౌంటరో, క్యాంటీనో, పాత మంచాల గోడౌనో. మిగిలిన కాస్త చోట్లో డాక్టర్ల కార్లు, "డాక్టర్స్ ఓన్లీ" అని బోర్డు. ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చేవాడు ఎలాంటి మనిషై ఉంటాడు? కాలు విరిగినవాడో, మోకాలు మార్పిడి చేయించుకున్నవాడో, నాలాంటిదో. అలాంటివాళ్ళే వచ్చే చోట గుమ్మానికి దగ్గరగా ఉన్న పార్కింగ్ నడవగలిగే డాక్టరుది, రోగి మాత్రం వీధి చివర దిగి, డ్రైనేజీ పలకల మీదుగా కుంటుకుంటూ రావాలి. నేను ఒకచోట ఈ ముక్కే అడిగితే రిసెప్షన్ అమ్మాయి చాలా మర్యాదగా "వీల్ చెయిర్ పంపిస్తాం మేడమ్, మీ బండి ఎక్కడ పెట్టుకుంటారో పెట్టుకోండి" అంది. ఆ ఎక్కడే కదమ్మా నా సమస్య.

"స్థలం మాది, మేం కొనుక్కున్నాం, గవర్నమెంటు ఎవరు చెప్పడానికి" అని వాదించేవాళ్ళకి ఒక మాట. మీ స్థలంలో ఎన్ని అంతస్తులు వేయాలో గవర్నమెంటే చెప్తోంది. పక్కింటికీ మీకూ మధ్య ఎంత ఖాళీ వదలాలో, ఫైరింజను తిరగడానికి ఎంత దారుండాలో అదే చెప్తోంది. పార్కింగ్‌కి ఎంత చోటు వదలాలో కూడా చెప్పే ప్లాను పాసు చేసింది. పక్కన తెలంగాణలో 2018లో మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఫీజు తీసుకోకూడదని జీవో ఇచ్చారు. ఫీజు సంగతిలో ప్రైవేటు సెల్లార్‌లోకి రాగలిగిన ప్రభుత్వం గడి సంగతిలో రాలేకపోవడమేంటి?

అపార్ట్‌మెంట్లలో గొడవ వేరేగా ఉంటుంది, ఇక్కడ ఎదురుపడేది యజమాని కాదు, పక్క ఫ్లాటువాళ్ళు. మాది నాలుగంతస్తుల బిల్డింగు. లిఫ్టు పక్కనున్న చోటు రెండో ఫ్లోరు వాళ్ళది, వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, పైగా ఆ కారు వారానికోసారి కదిలితే గొప్ప. మార్చుకుందామని అడిగితే ప్రెసిడెంటుగారు "రిజిస్ట్రేషన్‌లో నంబర్లు వేసేశారమ్మా, నేనేం చేయను" అన్నారు. స్టిల్ట్, ఓపెన్ పార్కింగ్‌లని బిల్డరు విడిగా అమ్ముకోవడానికి లేదు, అవి అందరి ఉమ్మడి స్థలం అని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఆయనకి చూపించాను. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన కేసు, కానీ అందులోని తర్కం బెజవాడకి వచ్చేసరికి మారిపోదు. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "ఇవన్నీ పెద్ద పెద్ద సొసైటీలకమ్మా" అన్నారు. రెండో ఫ్లోరు ఆంటీ మాత్రం తర్వాత తనంతట తానే వచ్చి చోటు మార్చుకుంది. సంతోషమే, థాంక్స్ చెప్పాను, ఉగాదికి పచ్చడి కూడా పంపాను. కానీ రేపు వాళ్ళు ఫ్లాటు అమ్మేస్తే? కొత్తగా వచ్చినవాళ్ళు ఆంటీలా ఉండకపోతే మళ్ళీ మొదటికొస్తాను. మంచివాళ్ళు దొరికితే జరిగే పనికి హక్కు అని పేరు పెట్టలేం.

మా ఆయన ఒక అభ్యంతరం చెప్తాడు, అది కొట్టిపారేసేది కాదు. పది కార్లు కూడా పట్టని చోట ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంచితే మిగతావాళ్ళు రోడ్డు మీద పెడతారు, దానివల్ల ట్రాఫిక్ జామ్, అందరూ దివ్యాంగుల్నే తిట్టుకుంటారు అని. నిజమే. చిన్న చోట్లలో రోజంతా ఖాళీగా ఉంచమని నేనూ అనను. గేటు మీద గార్డు ఫోన్ నంబరు రాయండి. నేను పది నిమిషాల ముందు చేస్తాను, ఒక కోన్ పెట్టి ఉంచండి. డాక్టరుగారి కారు తాళం గార్డు దగ్గర ఉంచండి, మేం వస్తే అతను ఆ కారు తీసి దూరంగా పెడతాడు. నడవగలిగినవాడు నడవడంలో అన్యాయం ఏముంది? పెద్ద మాల్స్‌కి ఈ సాకు లేదు, వాళ్ళకి ఆఫర్ల స్టాల్ వేసుకోవడానికి పార్కింగ్‌లో బోలెడు చోటు దొరుకుతుంది.

ఇంకో అభ్యంతరం అందరూ చెప్పేదే: కార్డిస్తే దొంగ కార్డులు పుట్టుకొస్తాయి. పుడతాయి. పెన్షన్‌ల కోసం దొంగ సదరం సర్టిఫికెట్లు పుట్టాయనే 2025లో మన ప్రభుత్వం అందరినీ మళ్ళీ పరీక్షలకి పిలిచింది. అందులో నిజమైనవాళ్ళు పడ్డ టెన్షన్ నాకు తెలుసు, చక్రాల కుర్చీల్లో గంటలకొద్దీ లైన్లలో కూర్చున్నారు. దొంగలుంటారని పెన్షన్ ఆపేయలేదు కదా, ఏరివేత మొదలుపెట్టారు. ఇంగ్లండులో కూడా చనిపోయిన తల్లి బ్యాడ్జి వాడుకునే కొడుకులున్నారు, వాళ్ళని కోర్టుకి లాగుతున్నారు, బ్యాడ్జి రద్దు చేయలేదు. యూడీఐడీ నంబరు ఇప్పటికే మనిషికి ఉంది. దాని మీదే కారు అద్దానికో స్కూటర్ ముందో తగిలించుకునే పార్కింగ్ కార్డు ఒకటి అచ్చేయించి, వార్డు సచివాలయంలో ఇవ్వొచ్చు. కాలు విరిగి ఆరు నెలలు మంచాన పడ్డవాళ్ళకి గడువున్న కార్డు ఇవ్వొచ్చు.

ఆ కార్డు ప్రైవేటు స్థలంలో చెల్లేలా చేయడానికి కొత్త చట్టం కోసం ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు రెన్యువల్‌లో ఒక షరతు రాస్తే చాలు. ఆ గడి ఉండాలి, గేటు దగ్గర కార్డు గుర్తించాలి, సైడ్ వీల్స్ బండిని అందులో పెట్టనివ్వాలి, హక్కు లేని కారు పెడితే మామూలు ఫీజుకి పదిరెట్లు వసూలు చేయాలి. ఫీజు వసూలు చేయడం పార్కింగ్ కాంట్రాక్టరుకి ఎవరూ నేర్పక్కర్లేదు, అదనపు డబ్బు తనకే వస్తుందంటే ఎలాగైనా చేస్తాడు. ఓనరుగారి తమ్ముడి ఇన్నోవాని కూడా వదలడు.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది, నేను చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద కార్పొరేషన్‌కి దరఖాస్తు పెట్టండి. మీరు వెళ్ళే ఆసుపత్రిదో మాల్‌దో మంజూరైన ప్లాను కాపీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ అడగండి. "ప్రైవేటు భవనం కాబట్టి ఇవ్వలేం" అని మొదటి జవాబు రావచ్చు, అప్పీలుకి వెళ్ళండి, ప్లాను మంజూరు చేసింది ప్రభుత్వ కార్యాలయమే. కాపీ చేతికొచ్చాక సెల్లార్‌లో పార్కింగ్ అని గీసిన చోట ఇప్పుడు ఏముందో తేదీ కనిపించేలా ఫొటో తీసి, రెండూ జతచేసి, సెక్షన్లు 44, 45, 89 పేర్లు రాసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి పంపండి. ఒక కాపీ మున్సిపల్ కమిషనర్‌కి, ఇంకో కాపీ ఆ భవనం యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో. రసీదులు దాచుకోండి.